“పిన్నీ, నీకో మాట చెప్పాలి” అని పిల్ల అన్న రోజు ఏం చేయాలి

కోనసీమలో ఎన్నో ఇళ్లల్లో అమ్మ కువైట్‌లోనో దుబాయ్‌లోనో పనిచేస్తూ ఉంటుంది. పిల్లలు అమ్మమ్మ దగ్గరో పిన్ని దగ్గరో పెరుగుతారు. అమ్మ రోజూ వీడియోలో చూసుకోవాలి కాబట్టి తొమ్మిదో తరగతికే చేతికి ఫోన్ వస్తుంది. ఆ ఫోన్‌లోకే ఒకరోజు ఒక అబ్బాయి వస్తాడు. అందులో వింతా లేదు, తప్పూ లేదు. ఆ వయసులో మనసు అటు లాగుతుంది, మనకీ లాగింది. అలా మొదలైన వాటిలో కొన్ని మాత్రం నాలుగు నెలలు తిరిగేసరికి కాపలాగా మారతాయి. ఎక్కడున్నావ్, ఎవరితో ఉన్నావ్, ఫోటో పెట్టు. తర్వాత తిట్లు, ఆ తర్వాత చెయ్యి చేసుకోవడం, ఆపైన “ఫోటోలు మీ ఇంట్లో వాళ్లకి పంపిస్తా” అని బెదిరింపు.

ఇలా నలిగిపోతున్న పిల్ల ఏదో ఒక రోజు ఎవరో ఒకరికి చెప్పుకుంటుంది. ఆ ఒకరు మీరే అయితే ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను. మీరు పిన్ని కావచ్చు, మామ్మ కావచ్చు, పెద్దక్క, మేనత్త, బాబాయ్, ట్యూషన్ మేడమ్, ఎవరైనా కావచ్చు. సొంత అమ్మానాన్నలైనా ఇదే దారి.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. డెల్టాలో ఒక జూనియర్ కాలేజీలో చాలా ఏళ్లు జువాలజీ చెప్పాను. ఇంటర్ సెకండియర్ అమ్మాయి ఒకామె రికార్డు దిద్దించుకోవడానికి ల్యాబ్‌కి వచ్చింది. కాలేజీకి ఫోన్ తేకూడదు, అయినా బ్యాగ్‌లో ఉంది. అది ఒకసారి బుర్రుమంది. ఆమె మాట మధ్యలో ఆగిపోయింది. రెండోసారి బుర్రుమంది, చేతిలో పెన్సిల్ కింద పెట్టేసింది. మూడోసారికి మొహం పాలిపోయింది. “మేడమ్, రెండు నిమిషాల్లో రిప్లై ఇవ్వకపోతే ఊరుకోడు” అంది, నా వైపు చూడకుండా. నేనేమన్నానంటే, “ఈ వయసులో ఇవన్నీ ఎందుకమ్మా, ముందు చదువు సంగతి చూసుకో.” సరే మేడమ్ అని రికార్డు పట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఆ మాట నా దగ్గర ఎత్తలేదు. పబ్లిక్ పరీక్షలకి రాలేదు. ఇంట్లో తెలిసిపోయి, వేరే ఊళ్లో సంబంధం చూసి పెళ్లి చేసేశారని తర్వాత విన్నాను.

ఆ తర్వాత చాలామంది పిల్లలు చెప్పింది కూర్చుని విన్నాను. అందరి దగ్గరా ఒకటే కనిపించింది. వాళ్లకి ఆ అబ్బాయంటే ఎంత భయమో, ఇంట్లో తెలుస్తుందేమోనని దానికి రెండింతలు భయం. “మీ నాన్నకి చెప్తా”, “మీ మావయ్యకి స్క్రీన్‌షాట్ పెడతా” అనే మాటలకి బలం ఎక్కడి నుంచి వస్తోంది? మన ఇంట్లో నుంచే. నాన్నకి తెలిసినా ఏమీ కాదని పిల్లకి నమ్మకముంటే ఆ బెదిరింపు అక్కడే చచ్చిపోతుంది. కింద రాసినవన్నీ ఆ నమ్మకం కలిగించడానికే.

ముందు గుర్తుపట్టండి

దెబ్బలు కనిపిస్తేనే హింస అనుకుంటాం మనం. ఈ వయసు వాళ్ల మధ్య దెబ్బలు చాలా ఆలస్యంగా వస్తాయి, కొన్నిసార్లు అసలు రావు. మొదట వచ్చేది “నా మీద ప్రేముంటే పాస్‌వర్డ్ చెప్పు.” తర్వాత లైవ్ లొకేషన్ ఆన్‌లో పెట్టమంటాడు. బస్సెక్కగానే ఫోటో, సీట్లో పక్కన ఎవరున్నారో ఇంకో ఫోటో. ఫలానా ఫ్రెండ్‌తో మాట్లాడొద్దు, ఆ డిపి తీసెయ్, చున్నీ సరిగ్గా వేసుకో. కాదంటే నాలుగు రోజులు బ్లాక్ చేస్తాడు, ఐదో రోజు ఏడుస్తూ సారీ చెప్తాడు. ఆ సారీ తర్వాత రెండు రోజులు ఎంత బాగుంటాడంటే, పిల్ల పాతవన్నీ మర్చిపోయి ఆ రెండు రోజుల కోసమే బతుకుతుంది. ఎప్పుడు తిడతాడో ఎప్పుడు ముద్దు చేస్తాడో తెలియని ఈ ఊగిసలాటే మనిషిని గట్టిగా కట్టేస్తుంది. “అంత బాధ పెడితే వదిలెయ్యొచ్చుగా” అని మనం అంత తేలిగ్గా అనేస్తాం గానీ, వదలలేకపోవడానికి కారణం అదే.

పిల్లలు దీన్ని “కొంచెం పొసెసివ్ అంతే” అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఒక ప్రశ్న అడగండి: “కాదంటే ఏం చేస్తాడు?” జవాబు చెప్పడానికి పిల్ల తడబడితే మీకు సంగతి తెలిసినట్టే.

ఇంట్లో చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. ఫోన్ మోగితే ఉలిక్కిపడటం, స్నానానికి కూడా ఫోన్ తీసుకెళ్లడం, రాత్రి రెండింటికి దుప్పటి కింద వెలుతురు. ఎండాకాలంలోనూ ఫుల్ చేతులు. ఏటా కనుమ నాడు స్నేహితురాళ్లతో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లే పిల్ల ఈసారి తలనొప్పి అని పడుకోవడం. మాటిమాటికీ కడుపునొప్పి, స్కానింగ్‌లో ఏమీ లేకపోవడం. మార్కులు ఒక్కసారిగా పడిపోవడం. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు, ఆ వయసులో వేరే కారణాలకీ వస్తాయి. మూడు నాలుగు కలిసి కనిపిస్తే మాత్రం పక్కన కూర్చోవాలి.

ఇది మా ఇళ్లల్లో ఉండదులే అనుకోకండి. భర్తో, ప్రేమించినవాడో ఉన్న 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 24 శాతం మంది, అంటే దాదాపు నలుగురిలో ఒకరు, 20 నిండకముందే అతని చేతిలో శారీరక లేదా లైంగిక హింస అనుభవిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో లెక్క తేల్చింది. ప్రపంచమంతా కలిపి అది సుమారు 1 కోటి 90 లక్షల మంది. తిట్లు, ఫోన్ కాపలా ఈ లెక్కలో లేనే లేవు.

అబ్బాయిలూ బాధితులవుతారు. “నువ్వు మాట్లాడకపోతే చెయ్యి కోసుకుంటా” అని అమ్మాయి పంపిన ఫోటో చూసి పరీక్ష మధ్యలో లేచి వెళ్లిపోయిన పిల్లాడు నాకు తెలుసు. మగపిల్లాడు చెప్తే అందరూ నవ్వుతారు కాబట్టి వాడు ఎవరికీ చెప్పడు. నేను సౌకర్యం కోసం “ఆమె”, “అతను” అని రాస్తున్నా, మీ ఇంట్లో తిరగేసి ఉంటే అలాగే చదువుకోండి.

చెప్పుకునే వీలు కల్పించండి

“నీతో మాట్లాడాలి, ఇలా వచ్చి కూర్చో” అంటే ఏ పిల్లా నోరు విప్పదు. ఎదురెదురుగా కూర్చోబెడితే అది విచారణ అయిపోతుంది. చేతులకి పని ఉండాలి, చూపులు ఆ పని మీద ఉండాలి. పెరట్లో కొబ్బరాకుల ఈనెలు తీస్తూ మాట్లాడుకున్నంత బాగా ఇంకెక్కడా మాట్లాడుకోలేం. నరసాపురం వైపు ఇళ్లల్లో లేసు అల్లుతూ చెప్పుకునే కబుర్లు కూడా అలాంటివే. స్కూటీ మీద వెనక కూర్చోబెట్టుకుని ఏటిగట్టు మీదుగా నెమ్మదిగా వెళ్లినా సరే.

నేరుగా ఆ విషయంతో మొదలుపెట్టొద్దు. “మా కాలేజీలో ఒకమ్మాయికి ఇలా అయిందట, పాపం ఎవరికీ చెప్పుకోలేకపోయింది” అని వదిలేయండి. “మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా ఉన్నారా ఇలాగ?” అని అడగండి. మొదట ఫ్రెండ్ కథగా వస్తుంది. ఫ్రెండ్ కథగానే వినండి. ఆ ఫ్రెండ్ ఎవరో మీరు కనిపెట్టేశారని బయటపెట్టకండి. ఒకసారికి తేలకపోతే వారం తర్వాత ఇంకోసారి.

నోరు విప్పిన మొదటి పది నిమిషాలు

అన్నిటికంటే కష్టమైనది ఇదే. మీ గుండె దడదడలాడుతుంది, కోపం వస్తుంది, అక్కకి ఏం చెప్పాలో అని భయం వేస్తుంది. అవన్నీ మీరు పిల్ల ముందు చూపించకూడదు. మీ మొహం చూసే ఆమె మిగతా సగం చెప్పాలో మానాలో తేల్చుకుంటుంది.

మొదట అనాల్సింది ఇంతే: “చెప్పి మంచి పని చేశావమ్మా. నిన్నేమీ అనను. ఏం చేయాలో ఇద్దరం కలిసి చూద్దాం.” తర్వాత నోరు మూసుకుని వినండి. మధ్యలో మౌనం వస్తే రానివ్వండి. నీళ్లివ్వండి.

మన నోటి చివర సిద్ధంగా ఉండే ప్రశ్నలు రెండున్నాయి. “ఎన్నాళ్ల నుంచి సాగుతోంది ఇది?” మొదటిది. రెండోది “ఎవరి అబ్బాయి?” అంటే ఏ కులం అని. రెండూ మింగేయండి. మొదటి ప్రశ్న ఆమెని ముద్దాయిని చేస్తుంది. రెండోది ఇంకా చెడ్డది. వేరే కులం అని తేలితే వెంటనే అది కులాల గొడవైపోతుంది, పిల్ల తిన్న దెబ్బల సంగతి ఎవరికీ పట్టదు. మన కులమే అని తేలితే “సరే, పెళ్లి చేసేస్తే సరిపోతుంది” అంటారు, కొట్టేవాడి చేతికే పిల్లని అప్పగిస్తారు. రెండు రకాలుగానూ జరగడం నేను చూశాను.

ఫోన్ లాక్కోకండి. కాలేజీ మాన్పించకండి. చెయ్యి ఎత్తకండి. ఇవి మూడూ ఆ అబ్బాయి ముందే చెప్పి పెట్టినవే: “తెలిస్తే మీవాళ్లు నీ ఫోన్ లాక్కుంటారు, చదువు మాన్పిస్తారు, చావగొడతారు.” మీరు వాటిలో ఒక్కటి చేసినా అతను చెప్పిందే నిజమని పిల్ల నమ్ముతుంది. ఇంకెప్పుడూ మీ దగ్గరికి రాదు.

పెళ్లి ఆలోచన కూడా వద్దు. మన ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లైపోయిందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. అందులో ఎన్ని ఇలాంటి కంగారులో చేసినవో అని నాకు బెంగ. 18 లోపు ఆడపిల్ల పెళ్లి 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం నేరం. చట్టం మాట అటుంచినా, భయంలో ఉన్న పిల్లని ముక్కూమొహం తెలియని ఇంటికి పంపిస్తే ఆ భయం ఎక్కడికి పోతుంది?

“ఎవరికీ చెప్పను” అని మాట ఇవ్వకండి

ఆమె ముందు అడిగేది ఇదే: “పిన్నీ, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్.” వేయకండి. నిలబెట్టుకోలేని ఒట్టు వేసి రేపు తప్పితే ఆమెకి ఇక ఎవరూ మిగలరు. “నీకు చెప్పకుండా, నీ వెనకాల ఏదీ చేయను. ఎవరికి చెప్పాలన్నా ముందు నీతో మాట్లాడతాను” అనండి. ఇది నిలబెట్టుకోగలిగిన మాట.

ఒట్టు ఎందుకు వేయకూడదంటే, పిల్లల్ని లైంగిక దాడుల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం 18 లోపు అమ్మాయైనా అబ్బాయైనా పిల్లలే. లైంగికంగా ఏదైనా జరిగి ఉంటే, ఆమె ఒప్పుకుందా లేదా అన్నదానితో చట్టానికి పనిలేదు. అది తెలిసిన వాళ్లు పోలీసులకి తెలియజేయాలి, 19వ సెక్షన్ చెప్పేది అదే. డాక్టర్‌కైనా ఇదే వర్తిస్తుంది. ఈ సంగతి పిల్లకి ముందే నిదానంగా చెప్పండి. దాంతోపాటే ఆమెకి ధైర్యమిచ్చేవీ చెప్పండి. స్టేట్‌మెంట్ కోసం స్టేషన్‌కి వెళ్లక్కర్లేదు, ఇంటి దగ్గరే, వీలైనంత వరకు మహిళా ఎస్సై యూనిఫాం లేకుండా వచ్చి తీసుకోవాలి. తను నమ్మిన మనిషి పక్కన ఉండొచ్చు. పేరు, ఫోటో, కాలేజీ వివరాలు పేపర్లో వేయకూడదు. ఆ అబ్బాయికి కూడా 18 నిండకపోతే కేసు పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డుకి వెళ్తుంది.

ఎవరితో మొదలుపెట్టాలో తెలియకపోతే 1098 పిల్లల హెల్ప్‌లైన్‌కి చేయండి. మహిళల కోసం 181 ఉంది, వన్ స్టాప్ సెంటర్‌కి దారి చూపిస్తారు, అక్కడ కౌన్సెలింగ్, వైద్యం, లాయర్ సాయం ఒకేచోట దొరుకుతాయి. ఊరి పెద్దల దగ్గర పంచాయితీకి మాత్రం వెళ్లకండి. డబ్బు చేతులు మారుతుంది, ఊరంతా పిల్ల పేరు నానుతుంది, అతను మర్నాడు అదే సెంటర్లో నిలబడి ఉంటాడు.

ప్రాణం మీదికి వచ్చేదా అని చూడండి

నిదానంగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎప్పుడైనా గొంతు పట్టుకున్నాడా? కత్తి, బ్లేడు, యాసిడ్ మాట ఎత్తాడా? వెనకాల బండి మీద వస్తున్నాడా? “నాకు దక్కకపోతే ఎవరికీ దక్కనివ్వను” అన్నాడా? వీటిలో దేనికి అవునన్నా అత్యవసర నంబర్ 112 కి ఫోన్ చేయాల్సిన సంగతే, రేపటి దాకా ఆగక్కర్లేదు. గొంతు పట్టుకోవడం గురించి ప్రత్యేకంగా చెప్తున్నాను. బయటికి ఒక్క గీత కూడా కనిపించకపోవచ్చు, లోపల దెబ్బ తగిలి ఉండొచ్చు. అదే రోజు ఆసుపత్రిలో చూపించాలి. ఒకసారి గొంతు పట్టుకున్నవాడు తర్వాత ప్రాణం తీసే ప్రమాదం చాలా ఎక్కువని పరిశోధనలు చెప్తున్నాయి.

బలవంతం జరిగి ఉంటే 72 గంటలు లెక్కపెట్టుకోండి. గర్భం రాకుండా ఇచ్చే అత్యవసర మాత్రలు, హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు ఆ లోపే మొదలవ్వాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. ముందు ఎఫ్ఐఆర్ తెమ్మని ఏ ఆసుపత్రీ వైద్యం ఆపకూడదు, వైద్యం ఉచితం. ఆ బట్టలు ఉతక్కుండా పేపర్ కవర్లో పెట్టి తీసుకెళ్లండి.

ఫోన్ సంగతి

కంగారులో చాట్ అంతా డిలీట్ చేయించేస్తాం. చేయించకండి. బెదిరింపులన్నీ తేదీ, నంబర్, ఐడీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి మీ ఫోన్‌లో దాచండి. ఒక జాగ్రత్త: పిల్ల నగ్న ఫోటోలు, వీడియోలు ఉంటే అవి మీ ఫోన్‌కి పంపించుకోకండి, మావయ్యకి చూపించడానికి ఫార్వర్డ్ చేయకండి. 18 లోపు వాళ్ల అలాంటి చిత్రాలు పంపడం ఐటీ చట్టం 67బీ సెక్షన్ కింద నేరం, మన ఉద్దేశం మంచిదైనా సరే. ఉన్న ఫోన్‌లోనే ఉంచి పోలీసులకి చూపించండి.

డబ్బడిగితే ఒక్క రూపాయి కూడా పంపొద్దు. ఒకసారి పంపితే రెండోసారి అడుగుతాడు. సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930 కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. “టేక్ ఇట్ డౌన్” అని ఒక ఉచిత సేవ ఉంది, 18 లోపు తీసిన ఫోటోల కోసం. పేరు చెప్పక్కర్లేదు, ఫోటో మన ఫోన్ దాటి ఎక్కడికీ వెళ్లదు, దాని డిజిటల్ గుర్తు మాత్రం వెళ్తుంది. దాన్ని బట్టి ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటివి ఆ ఫోటో ఎక్కకుండా ఆపుతాయి. వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి పోయేదాన్ని ఇది ఆపలేదు. అందుకే పోలీసు ఫిర్యాదు కూడా ఉండాలి.

తర్వాత అతని కళ్లు ఎక్కడెక్కడున్నాయో వెతకండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ తెరిస్తే ఇంకెవరి ఫోన్‌లోనో కంప్యూటర్లోనో తెరిచి ఉందేమో కనిపిస్తుంది. ఇన్‌స్టాలో ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉందో చూడండి. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్, స్నాప్‌లో మ్యాప్. పాస్‌వర్డ్‌లు మార్చాలి, జీమెయిల్‌తో మొదలుపెట్టాలి, ఎందుకంటే అది చేతిలో ఉంటే మిగతావన్నీ మళ్లీ తెరవగలడు. ఇవన్నీ ఎప్పుడు చేయాలన్నదే ముఖ్యం. సడన్‌గా అన్నీ మూసేస్తే అతనికి అనుమానం వచ్చి మీద పడొచ్చు. తెంచుకోవాలని తేల్చుకున్న రోజున, పక్కన పెద్దవాళ్లు ఉన్నప్పుడు అన్నీ ఒకేసారి చేయండి.

తెంచుకునే రోజు

ఇలాంటి బంధంలో అన్నిటికంటే ప్రమాదకరమైన సమయం వదిలి వచ్చే సమయమే. పేపర్లలో “ప్రేమోన్మాది దాడి” అని హెడ్డింగులు చూస్తుంటాం. ఆ మాటలో ప్రేమ ఎందుకుందో నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఆ వార్తలు చదివి చూడండి, చాలావాటిలో “చివరిసారి మాట్లాడాలని పిలిచి” అని ఉంటుంది.

కాబట్టి ఆఖరి కలయిక వద్దు. కాలవ గట్టు దగ్గర కాదు, కొబ్బరితోటలో కాదు, గుడిలో కూడా కాదు. చెప్పాల్సింది ఒక్క మెసేజ్: “నాకు ఇది వద్దు. ఇక మాట్లాడను. మా ఇంట్లో అన్నీ తెలుసు.” ఆ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. తర్వాత బ్లాక్. కొత్త నంబర్ల నుంచి వస్తే జవాబివ్వకుండా స్క్రీన్‌షాట్ తీసి దాచడమే.

నెల రోజులైనా ఒంటరిగా వదలకండి. కాలేజీకి వెళ్లే బస్సు టైము మార్చుకోవచ్చు. పంటు మీద ఏరు దాటాల్సిన ఊరైతే రేవు దాకా ఎవరైనా వెళ్లాలి, అవతలి ఒడ్డున స్నేహితురాలు ఉండాలి. కాలేజీలో ఒక్క లెక్చరర్‌కైనా చెప్పి ఉంచండి, ఎవరో వచ్చి “మీ అన్నయ్యని, ఇంటికి రమ్మన్నారు” అంటే పంపకుండా ఉంటారు. గ్రామ సచివాలయంలో మహిళా పోలీస్‌కి చెప్పొచ్చు.

మీ ఇంటి మగవాళ్లు ఆ అబ్బాయిని పట్టుకుని నాలుగు తగిలించి వస్తామంటారు. ఆపండి. కేసు మీ వాళ్ల మీదకే తిరుగుతుంది, పిల్ల “నా వల్లే ఇదంతా” అనుకుంటుంది.

తెంచుకున్నాక పిల్ల తిరిగి అతని దగ్గరికి వెళ్లొచ్చు కూడా. ఒకటికి రెండుసార్లు వెళ్లినవాళ్లు ఉన్నారు. “ఇంత చెప్పినా బుద్ధి రాలేదా” అనకండి. మళ్లీ వచ్చినప్పుడు తలుపు తెరిచే ఉండాలి.

మనసుకి తగిలిన దెబ్బ

అతను పోయాక అంతా సర్దుకుంటుందనుకుంటాం. చాలామందికి అసలు బాధ అప్పుడే మొదలవుతుంది. అప్పటిదాకా భయంతో బిగదీసుకుని ఉన్న ఒళ్లు ఒక్కసారిగా వదిలేస్తుంది. నిద్ర పట్టదు, పడితే పీడకలలు. అలాంటి బండి శబ్దం వినగానే చెమటలు. అన్నం సయించదు. తనమీద తనకే అసహ్యం, “నేను మంచిదాన్నైతే అలా చేసేవాడు కాదు” అనే ఆలోచన. డిప్రెషన్, యాంగ్జైటీ, చేతులు కోసుకోవడం, మందుకీ మత్తుకీ అలవాటు పడటం, చచ్చిపోవాలన్న ఆలోచన, ఇవన్నీ ఇలాంటి బంధాల్లో నలిగిన పిల్లల్లో మిగతావాళ్లకంటే ఎక్కువ. పట్టించుకోకపోతే రేపు పెద్దయ్యాక ఇంకో బంధంలోనూ ఇదే మళ్లీ ఎదురయ్యే ప్రమాదం కూడా ఎక్కువే.

ఇంకోటి, ఆమెకి అతను గుర్తొస్తాడు. ఏడుస్తుంది. “అంత వెధవ కోసం ఏడుస్తావా” అనొద్దు. ఆమె ఏడ్చేది ఆ బాగున్న రెండు రోజుల కోసం. ఏడవనివ్వండి.

చావు గురించి నేరుగా అడగండి. “చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?” అడిగితే ఆ ఆలోచన మనమే పెట్టినట్టవుతుందని భయపడతాం. అలా కాదని వైద్యులు ఎప్పుడో తేల్చారు, అడిగితే వాళ్లకి గుండె బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా ఉంచకండి, అదే రోజు డాక్టర్‌ని కలవండి. మనది వరి పండించే నేల, ప్రతి ఇంటి వసారాలో పురుగుమందు డబ్బా ఉంటుంది. అవి, ఇంట్లో మాత్రలు, తాళం వేసి తాళం మీ దగ్గర పెట్టుకోండి. ఆ క్షణం దాటించగలిగితే చాలా ప్రాణాలు నిలుస్తాయి. ఒకవేళ ఏదైనా చేసుకుంటే పోలీసు కేసవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆ స్థితిలో ఉన్నవాళ్లని శిక్షించదు, వైద్యం చేయమంటుంది.

14416 టెలిమానస్ నంబర్, మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్. 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. పిల్లే చేయొచ్చు, మీరూ చేయొచ్చు. ఆ నంబర్ ఆమె ఫోన్‌లో వేరే పేరుతో సేవ్ చేసి ఇవ్వండి. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. అక్కడికి వెళ్తే పిచ్చి అనే ముద్ర పడుతుందని మామ్మలు భయపడతారు. దిష్టి తీస్తానంటే తియ్యనివ్వండి, అది వాళ్ల ప్రేమ. తీసిన మర్నాడు డాక్టర్ దగ్గరికి కూడా తీసుకెళ్లండి. మాటల వైద్యంతోనే చాలామంది పిల్లలు తేరుకుంటారు, కొందరికి కొన్ని నెలలు మందులు కావాలి. డాక్టర్ చెప్పకుండా మధ్యలో ఆపకూడదు.

ఇంట్లో మీరు చేయగలిగినవి చిన్నవే. వేళకి అన్నం, రాత్రి పక్కన మీరు పడుకోవడం, ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టడం, అదీ ఆమెని అడిగి. అతను దూరం చేసిన స్నేహితురాళ్లని ఒక ఆదివారం ఇంటికి పిలిచి పెసరట్టు వేసి పెట్టండి.

మీ అబ్బాయే అలా చేస్తుంటే

ఇలాంటి ఫోన్ కూడా రావచ్చు. అవతలి అమ్మాయి ఇంటి నుంచి. “మావాడు అలాంటోడు కాదండి” అని పెట్టేయకండి. “అమ్మాయిదే తప్పు” అనకండి. వాడిని కూర్చోబెట్టి అడగండి: ఆమె పాస్‌వర్డ్ నీ దగ్గర ఎందుకుంది? ఫోటోలు ఎవరెవరికి పంపావు? ఆమె వద్దన్నాక ఎన్నిసార్లు ఫోన్ చేశావు? కొట్టి అడగొద్దు. కొట్టి మాట నెగ్గించుకోవడాన్ని చాలామంది పిల్లలు ఇంట్లో చూసే నేర్చుకుంటారు. మీ ఇంట్లో నాన్న అమ్మని ఎలా పిలుస్తాడో, ఆమె ఫోన్ ఎత్తకపోతే ఏమంటాడో ఒకసారి గుర్తుచేసుకోండి.

ఆ రోజు నుంచి వాడు ఆ అమ్మాయికి ఫోన్ చేయకూడదు, సారీ చెప్పడానికి కూడా. స్నేహితుల చేత చెప్పించకూడదు. వాడికీ 14416 పనిచేస్తుంది. “తను లేకపోతే చచ్చిపోతా” అని వాడు అంటే దాన్నీ నిజంగానే తీసుకోండి, వైద్యం చేయించండి. దానికి ఆ అమ్మాయిని మాత్రం పిలిపించకండి.

కువైట్‌లో ఉన్న అమ్మకి చెప్పడం

ఇది అందరూ వాయిదా వేస్తారు. అంత దూరంలో ఉంది, విని ఏం చేయగలదు, గుండె పగిలిపోతుంది అంటారు. వేరే ఎవరి నోటి నుంచో, లేకపోతే ఆ అబ్బాయి పంపిన ఫోటో చూసో తెలిసేకంటే మీరు చెప్పడం మంచిది. ముందు పిల్లని అడగండి, ఎంత చెప్పాలి, ఎవరు చెప్పాలి అని. కొంతమంది తామే చెప్తామంటారు, కొంతమంది నువ్వే చెప్పు పిన్నీ అంటారు.

అమ్మ పనిలో ఉన్నప్పుడు చేయకండి. యజమాని ఇంట్లో నిలబడి ఈ మాట వినడం నరకం. కువైట్ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. శుక్రవారం సెలవు దొరికేవాళ్లకి ఆ రోజు, లేదంటే పని ముగించి గదికి చేరాక. వాయిస్ మెసేజ్ పెట్టకండి, ఫోన్‌లోనే చెప్పండి. మొదటి మాట “పిల్ల బాగానే ఉంది, నా పక్కనే ఉంది” అని ఉండాలి, తర్వాతే మిగతాది. ఆమె ఏడుస్తుంది, అరుస్తుంది, వెంటనే వచ్చేస్తానంటుంది, నిన్ను నమ్మి అప్పగించానే అని మిమ్మల్నీ ఒక మాట అనొచ్చు. పడండి. ఆమె తేరుకున్నాక, పిల్లతో మాట్లాడే ముందే ఒకటి చెప్పండి: “అక్కా, ఇప్పుడు అది నీ మొహంలో కోపం కోసం వెతుకుతుంది. కనిపించనివ్వకు.” అప్పుడు కెమెరా పిల్ల వైపు తిప్పి ఫోన్ చేతికిచ్చి, మీరు వంటింట్లోకి వెళ్లండి.